చేయబోయేవి

మూడేండ్లు ఆ దారంతా
గిడ్డయ్య తలకాయలోనే ఉండేది.
ఏది ముందు, ఏది వెనక, ఏది వట్టి మాట,
అడిగితే గడ్డం గోక్కుని చెప్పేవాడు.
డెంగీ వచ్చి పద్దెనిమిది దినాలు
అనంతపురం పెద్దాసుపత్రిలో పండుకున్నాక తెలిసింది,
మా సాఫ్ట్‌వేరు కోడు అందరిదీ,
రేపు మాత్రం ఒక్కడిదని.

అందుకే ఈ గోడ.
ఉరవకొండలో, జిరాక్సంగడి పైమేడ.
కిటికీ తీస్తే పడగెత్తిన కొండ.
సున్నం మీద నీలం మార్కరుతో
వన్నూరమ్మ నాలుగు గళ్లు గీసింది:
చేస్తాండేది. తర్వాత చేసేది. ఎప్పుడో. చేయం.
ఎవరైనా మెట్లెక్కి రావచ్చు, చదవచ్చు,
చీటీ అంటించి పోవచ్చు.

చీర అంచుకు బొమ్మ గీసిస్తే
జకార్డు అట్టల్లో ఏ చిల్లి ఎక్కడో
లెక్క తీసిచ్చే పని మాది.
దుడ్లు అడగం. విప్పి చూసుకోవచ్చు,
నచ్చకపోతే మార్చుకోవచ్చు.

మొదట్లో తేదీలు గోడ మీదనే రాసినాం.
"కొంగు బుటా తిప్పడం: ఉగాదికి."
ఉగాది వచ్చింది, వేపపూత రాలింది.
మగ్గం ఆపుకొని వచ్చిన నాగలింగప్ప
చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడి
"ఏ ఉగాదికప్పా?" అన్నాడు.
ఆయన నవ్వలేదు. మాకూ నవ్వు రాలేదు.
ఆ రాత్రి తడిగుడ్డతో తేదీలన్నీ తుడిచినాం.
నీలం పూర్తిగా పోలేదు.
చీటీ ఎత్తి చూస్తే
తప్పిన మాటల మరక ఇప్పటికీ కనపడతాది.

కష్టమంతా చివరి గడితోనే.
"ఎప్పుడో"లో పడేయడం సులువు.
అడిగినోడు ఆశతో పోతాడు, మనం మంచోళ్లమైతాం.
"చేయం" అని రాసి, ఎందుకో కింద రాసి,
ఆ మనిషి చదివేటప్పుడు పక్కనే నిలబడాల.
అది వన్నూరమ్మకే చేతనైంది.
"ఫోన్‌లో నడిచేది చేయం.
ఉన్నది ముగ్గురం. ముగ్గురికీ వేరే కొలువులుండాయి."

ఒక దినం దస్తగిరి వచ్చినాడు.
అట్టలు కొట్టే దస్తగిరి. ముప్పై ఏండ్లుగా
గళ్ల కాగితం చూసి సుత్తితో చిల్లి చిల్లి కొట్టి,
వీధిలో పోతా మగ్గం చప్పుడు విని
లోపల ఏ అంచు పడతాందో చెప్పేవాడు.
గోడ ముందర నిలబడి
వేలు పెట్టి కూడబలుక్కుంటా చదివినాడు.
రెండో గడి. మూడో చీటీ.
"అట్టలు మిషనే కొట్టేటట్టు చేయడం."

గిడ్డయ్య నా వైపు చూసినాడు,
నేను వన్నూరమ్మ వైపు,
ఆమె మాత్రం దస్తగిరి వైపే.

"తర్వాత అంటే?"
తేదీ లేదన్నాను.
"తేదీ కాదప్పా. దీని ముందర ఎన్నుండాయి?"
రెండన్నాను.
వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నాడు.
కూతురి నర్సింగు ఫీజో, సంఘం అప్పో,
నేను అడగలేదు.

"చాటుగా చేసుంటే
నా అంగడికి మనుషులు రావడం నిలిచిన్నాడు తెలిసేది.
గోడ మీద రాసినారు. సరే."

ఆ "సరే" ఏ గడిలో పెట్టాలో
నాకింకా తెలీదు.

పోతా పోతా మెట్ల దగ్గర ఆగి
ఖాళీ చీటీ అడిగినాడు.
పెన్సిలుతో, వంకర అక్షరాలతో:
"వానాకాలం అట్ట నెమ్మెక్కుతాది.
చిల్లి అరనూలు జరుగుతాది.
మిషనుకు తెలీదు. చెప్పండి."
ఎవరు చేస్తారన్న మూలలో,
మేం పేర్లు రాసుకునే చోట,
అడక్కుండానే రాసినాడు: దస్తగిరి.

నాలుగు దినాలకు ఇల్కల్ నుంచి,
మొగం ఎరగని పిల్లోడొకడు కబురు పంపినాడు.
"ఆ దస్తగిరి ఎవరో గాని
ఆయన చీటీ ముందుకు జరపండి.
మా అట్టలకూ నెమ్ముంది."

జరిపినాం.
మిషను చీటీ ఒక మెట్టు కిందికి దిగింది.
ఇప్పుడు దాని ముందర
మూడుండాయి.